నర్సు వ్యసనంలో పడితే: శిక్షా, చికిత్సా?

అమెరికాలో మత్తుమందులకు అలవాటుపడిన నర్సు విషయంలో రెండు దారులున్నాయి. ఒకటి, నర్సుల లైసెన్సులు చూసే రాష్ట్ర నర్సింగ్ బోర్డు తీసుకునే క్రమశిక్షణ చర్య. రెండోది, చికిత్సతో కూడిన పర్యవేక్షణ. ఫ్లోరిడా 1983లోనే ఈ రెండో దారి తెరిచింది.

క్రమశిక్షణ దారిలో ఫిర్యాదు, విచారణ, తర్వాతే నిర్ణయం. ఇందుకు నెలలు పట్టవచ్చు. ఈలోగా ఆ నర్సు వార్డులోనే కొనసాగే ప్రమాదముంది. చర్య పడితే అది బహిరంగ రికార్డులోకి ఎక్కుతుంది. ఆ భయంతోనే వ్యసనంలో పడ్డ నర్సులు దాచుకుంటారు, తోటివారు చూసీ చూడనట్టు ఊరుకుంటారు.

పర్యవేక్షణ దారిలో నర్సును వెంటనే విధులనుంచి తప్పించి చికిత్సకు పంపుతారు. తిరిగి చేరాక కొంతకాలం ఓపియాయిడ్ మందులు (అలవాటయ్యే బలమైన నొప్పి మందులు) ముట్టుకోనివ్వరు. ముందు చెప్పకుండా మూత్ర పరీక్షలు చేస్తారు. ఇది సాధారణంగా 3 నుంచి 5 ఏళ్లు సాగుతుంది. పరీక్షల ఖర్చు తరచుగా నర్సు మీదే పడుతుంది. జీతం ఆగిన మనిషికి ఇది మోయలేని భారం, మార్చి తీరాలి.

అయినా నా ఓటు రెండో దారికే. వ్యసనం జబ్బు, రోగికీ తొందరగా రక్షణ దొరికేది ఇక్కడే. కానీ నర్సు ఫెంటానిల్ అనే ఓపియాయిడ్‌ను తన కోసం తీసేసుకుని రోగికి దాని బదులు సెలైన్ ఎక్కించిన సందర్భంలో చికిత్స ఒక్కటే చాలదు, బోర్డు చర్య కూడా ఉండాలి.

ఏ దారైనా గుర్తించాకే. మందు ఇచ్చినట్టు చార్టులో ఉన్నా రోగి నొప్పితో మూలుగుతుంటే, మిగిలిన మందును సాక్షి లేకుండా పారబోస్తుంటే, ఇతరుల రోగులకు నొప్పి మందు తానే ఇస్తానని పదేపదే ముందుకొస్తుంటే, ఆ రోజే పై అధికారికి చెప్పండి.