ఆఖరి బస్సు ఎన్ని గంటలకు?

నాకు కారు నడపడం రాదు. నేర్చుకునే ఉద్దేశమూ లేదు. నా కంటిచూపుతో స్టీరింగ్ జోలికి పోకపోవడమే ఎదుటివారికి క్షేమం. అయినా పల్లెకు మారిపోవాలన్న కోరిక పోలేదు. అందుకే ఇల్లు వెతికే ముందు మూడు చోట్ల నాలుగేసి రోజులు ఉండి వచ్చాను. అక్కడే కాపురం ఉంటున్నట్టు గడపాలన్నది నియమం: సరుకులు మోసుకురావాలి, డాక్టరు దగ్గరికి వెళ్లిరావాలి, ఒక్కసారైనా చీకటి పడ్డాక ఇల్లు చేరాలి.

మొదటిది కొండ మీది ఊరు. బస అద్భుతం, కిటికీ తెరిస్తే లోయంతా మనదే. బస్టాపు రెండున్నర కిలోమీటర్లని ప్రకటనలో రాశారు. అబద్ధం కాదు. ఆ దారిలో 300 మీటర్ల ఎత్తు ఎక్కాలన్న సంగతి మాత్రం రాయలేదు. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక లెక్క చెప్పాడు: సుమారు 5 కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. ఆ ప్రకారం నాకు గంట పట్టాలి. రెండు చేతుల్లో సంచులతో గంటన్నర పట్టింది. రెండో రోజుకే అవసరాలు తగ్గించుకోవడం మొదలుపెట్టాను. సెలవులకు వెళ్లేవారికి ఆ ఊరిని కళ్లు మూసుకుని సిఫారసు చేస్తాను.

రెండోది నన్ను దాదాపు బుట్టలో వేసింది. చదునైన నేల, ఇంటి ముందే బస్టాపు, ఎనిమిది కిలోమీటర్ల దూరంలో పట్టణం, పగలంతా బస్సులు. మూడో రోజు సగం బస్సులు రాలేదు. టైమ్‌టేబుల్‌ను మళ్లీ చూస్తే కొన్ని అంకెల పక్కన చిన్న చుక్క, అడుగున చీమల్లాంటి అక్షరాల్లో 'బడి పనిచేసే రోజుల్లో మాత్రమే' అని ఉంది. ఆ రోజు బడికి సెలవు. డాక్టరు పిలిచేసరికి ఆలస్యమైంది, 6.10కి ఆఖరి బస్సు వెళ్లిపోయింది. ఫోను తీసిన ఒకే ఒక్క టాక్సీ అతను గంటన్నర ఆగమన్నాడు. నడుద్దామంటే కాలిబాట లేదు, వీధి దీపాలు లేవు, అన్నీ గుడ్డి మలుపులే. ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా నడవాలన్న సూత్రం నాకు తెలుసు. మలుపు దగ్గర ఆ సూత్రం డ్రైవరుకు కనబడదు కదా! టాక్సీ కోసమే కూర్చున్నాను. సంగతి విని ఇంటి యజమానురాలు, "ఒక్క ఫోను చేస్తే నేనే వచ్చేదాన్ని కదండీ" అని నొచ్చుకున్నారు. ఆమె మంచితనంలో లోపం లేదు. అయితే నెలకోసారి అడిగితే సాయం, వారానికోసారి అడిగితే అప్పు.

మూడోది రైల్వే స్టేషన్ ఉన్న చిన్న పట్టణం. అందం తక్కువ. గది ఇరుకు, పరుపు పలచన, అర్ధరాత్రి గూడ్సు బండి పోతే కిటికీ అద్దాలు గలగలలాడాయి. కాని కొట్లు, మందుల దుకాణం, డాక్టరు అన్నీ పావుగంట నడకలో ఉన్నాయి. నగరానికి వెళ్లి రాత్రి తొమ్మిదికి ఎవరినీ బతిమాలకుండా గదికి చేరాను. పట్టాలున్నాయి కదా అని నిశ్చింతగా ఉండలేమనుకోండి. బ్రిటన్‌లో 1963 నాటి బీచింగ్ నివేదిక రెండు వేలకు పైగా స్టేషన్లను మూసేయమంది. అయినా ఒక బస్సును రద్దు చేసినంత తేలిగ్గా రైలు మార్గాన్ని ఎత్తేయలేరు.

ఎలక్ట్రిక్ సైకిలు అద్దెకు తీసుకుంటే పది నిమిషాల్లో పొలాల మధ్య ఉన్నాను. నేను వెతుకుతున్న పల్లె అక్కడే ఉంది! చలికి బ్యాటరీ త్వరగా తరిగిపోతుంది కాబట్టి దాన్నే నమ్ముకుని దూరంగా ఉండను.

స్టేషన్‌కు పన్నెండు వందల మీటర్లలో, ఊరి అంచున ఒక ఇల్లు చూశాను. చివరి మూడు వందల మీటర్లు దీపాలు లేవు. వానాకాలంలో నెల రోజులు అద్దెకిమ్మని యజమానిని అడిగాను. ఒప్పుకున్నారు. టార్చిలైటు కొన్నాను, ఆదివారం రైళ్ల వేళలు ఇంకా చూసుకోవాలి.