ఈతచెట్ల ఊళ్లో మంచు కోసం

ముందే చెబుతున్నాను: ఇంగ్లండ్ నైరుతిన, డెవన్ కౌంటీ తీరంలో ఉన్న టోర్కీ మంచి ఊరు. మేము బస చేసిన గెస్ట్‌హౌస్ మాత్రం కాదు.

అమ్మ కాకినాడ నుంచి రెడింగ్‌లోని మా ఇంటికి వచ్చి రెండు నెలలైంది. తిరిగి వెళ్లేలోపు ఒక్కసారి మంచు కురవడం చూడాలని ఆమె కోరిక. జనవరిలో ఇంగ్లండ్ అంతటా చలి బిగిసింది, వాతావరణ శాఖ పసుపు హెచ్చరిక ఇచ్చింది, ఫోనులో టోర్కీ పేరు పక్కన మంచు గుర్తు కనిపించింది. అక్కడ రెండు రాత్రులకు 184 పౌండ్లు అప్పటికే కట్టేశాం, రద్దు చేసుకున్నా తిరిగి రావు. రెడింగ్ నుంచి ముగ్గురికీ రానుపోను రైలు టిక్కెట్లు 156. ‘మంచు కోసం సముద్రం దగ్గరికా?’ అని మా ఆవిడ ఒక్కసారి అడిగి ఊరుకుంది. ఆ ఊరుకోవడం నాకు తెలుసు.

రైలు డాలిష్ దగ్గర అలల పక్కనే వెళుతుంది. 2014 ఫిబ్రవరి తుఫానుకు పట్టాల పక్కన సముద్రపు గోడ కొట్టుకుపోయింది ఇక్కడే. అమ్మకు ఆ దారి ఎంతో నచ్చింది. టోర్కీలో దిగి సముద్రపు ఒడ్డుకు రాగానే వరసగా ఉన్న చెట్లను చూసి ఆగిపోయింది.

“ఈతచెట్లు బతికే చోట మంచు పడుతుందిరా?”

అవి ఈతచెట్లు కావు, న్యూజిలాండ్ నుంచి తెచ్చిన కార్డిలైన్‌లు. అయినా అమ్మ లెక్క తప్పలేదు. జనవరిలో కూడా ఇక్కడి సముద్రం నీరు పది డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. పైన మంచుగా బయలుదేరినది ఆ వెచ్చదనానికి దారిలోనే కరిగి వానగా దిగుతుంది. రెండు రోజులూ మాకు దక్కింది ఆ వానే. ఒక మధ్యాహ్నం మాత్రం సగ్గుబియ్యం గింజలంత తెల్లవి టపటపా రాలాయి. నేను కేక వేశాను. అమ్మ శాలువా మీద పడినదాన్ని వేలితో నొక్కి చూసి, “వడగళ్లు. మన పెరట్లోనూ పడతాయి” అని నడిచింది.

ఇక బస సంగతి. బయట మంచు పడటానికి చాలని చలి గదిలో మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. రేడియేటర్ పొద్దున ఏడు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకే. ఆ తర్వాత అది వట్టి ఇనుము. తలుపు వెనక అట్ట మీద రాసి ఉంది: హీటర్ కావాలంటే రాత్రికి 5 పౌండ్లు. బుక్ చేసినప్పుడు ఈ ముక్క ఎక్కడా లేదు. రాత్రి పదకొండింటికి కిందికి వెళ్లి అడిగితే యజమాని, ‘మా ఊళ్లో చలి ఉండదండీ, అందుకే జనం వస్తారు’ అన్నాడు. గదిలోని గడియారం 13 డిగ్రీలు చూపిస్తోంది. అమ్మ కోటు, మంకీ క్యాప్, రెండు జతల మేజోళ్లతో పడుకుంది. రెండో రాత్రి 5 పౌండ్లు చేతిలో పెట్టాను. వచ్చిన హీటర్ కాలిన దుమ్ము వాసన వేస్తూ గంటలో ఆగిపోయింది. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. పొద్దున టిఫిన్ బాగానే పెట్టారు, అది కాదనను. కానీ మీరు గది తీసుకునే ముందు హీటింగ్ ఏ వేళల్లో ఉంటుందో రాతపూర్వకంగా అడగండి.

మంచు లేకపోలేదు. అక్కడికి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో డార్ట్‌మూర్ అనే ఎత్తైన బీడు నేల మీద హేటర్ అనే 457 మీటర్ల గుట్ట ఉంది, అది తెల్లబడిందని టిఫిన్ దగ్గర ఎవరో అన్నారు. టాక్సీ అతను రానుపోను 90 పౌండ్లు అడిగి, ‘రోడ్డు జారితే మధ్యలోనే తిప్పేస్తాను, డబ్బు మాత్రం అంతే’ అన్నాడు. నేను ఊగిసలాడాను. మా ఆవిడ గొడుగు తెరిచి సముద్రం వైపు నడిచింది. నిర్ణయం అయిపోయింది.

యాత్రను నిలబెట్టింది ఒక చిన్న టీ దుకాణం. మనిషికి 8.50కి టీ, స్కోన్‌లనే చిన్న గుండ్రటి రొట్టెలు రెండు, జామ్, గిన్నెడు క్లాటెడ్ క్రీమ్. అమ్మ చెంచా అంచుతో పైన కట్టిన పసుపుపచ్చ తెట్టును ఎత్తి చూసి, “ఇది మీగడ. దాలి మీద కాగిన పాల మీగడ ఇలాగే ఉండేది” అన్నది. అడగకుండానే ముందు మీగడ, దాని మీద జామ్ పెట్టుకుంది. డెవన్ పద్ధతి అదే, పక్కనున్న కార్న్‌వాల్‌లో ముందు జామ్. వడ్డించే అమ్మాయి అది చూసి మురిసిపోయి ఇంకో గిన్నె మీగడ ఊరికే ఇచ్చింది. రెండు రోజుల్లో మా ఆవిడ నవ్వింది అప్పుడే.

తిరుగు రైలు ఎక్సెటర్ దాటాక పొలాలన్నీ తెల్లగా కనిపించాయి. అమ్మ అద్దానికి ముఖం ఆనించి మాట్లాడలేదు. టాంటన్‌లో రైలు ఆగగానే దిగి, ప్లాట్‌ఫారం బెంచీ మీది మంచు గుప్పెడు తెచ్చాను. చేగోడీల డబ్బా మూతలో వేయించుకుని, వేలితో తాకి, నా వైపు చూసింది.

“ఫొటో తీసి అక్కకి పంపు. టోర్కీలో పడిందని రాయి. అంత డబ్బు పోశాం కదా.”