డిష్‌వాషర్‌తో ఐదేళ్లు: గిన్నెలకి గరుకు ఎందుకంటుకుందంటే

2020 లాక్‌డౌన్‌లో పనావిడ రావడం ఆగిపోయినప్పుడు కొన్నాం ఈ డిష్‌వాషర్. ఇంట్లో ఐదుగురం, రోజుకో లోడు తప్పదు. ఐదేళ్లు దాటింది, మళ్లీ కొనాల్సొస్తే ఇలాంటిదే కొంటాను. కాకపోతే మధ్యలో ఒక వేసవంతా నాకు మనశ్శాంతి లేకుండా చేసింది. ఆ సంగతే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఆ బాధ పడేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఒకరోజు అత్తయ్య మంచినీళ్లు తాగబోయి ఆగిపోయారు. "గ్లాసు అడుగున ఏదో ఇసుకలా తగుల్తోందమ్మా, చూడు" అన్నారు. వేలు పెట్టి చూస్తే నిజమే, గరగరలాడుతోంది. కంచాల అంచుల్లోనూ అంతే. సర్వీసు నుంచి వచ్చినతను రెండు నిమిషాలు చూసి పంపు మార్చాలన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. ముందు ఆ గరుకేమిటో తెలుసుకుందామని కొంచెం తీసి వేళ్ల మధ్య నలిపాను. ముదురు రంగు పలుకులు, నలగడం లేదు, కరగడం లేదు. అవి మసాలా పలుకులు!

ఫిల్టరు వారం వారం కడుగుతూనే ఉన్నాను. కానీ నేను కడిగేది పైకి తిప్పి తీసే గొట్టం ఒక్కటే. దాని కింద పళ్లెంలాంటి స్టీలు జాలీ ఉంటుంది, అదీ ఊడి వస్తుంది. తీసి చూస్తే అడుగంతా జిడ్డు పేరుకుని ఉంది. ఇంకో పొరపాటు, గొట్టాన్ని తిరిగి పెట్టేటప్పుడు గట్టిగా బిగిసేదాకా తిప్పలేదు. ఆ సందులోంచి పలుకులు పంపులోకి పోయి, అవే నీళ్లతో మళ్లీ గిన్నెల మీదకి చిమ్ముతున్నాయన్నమాట.

తర్వాత నీళ్లు చిమ్మే రెక్క ఊడదీసి చెవి దగ్గర ఊపాను. లోపల గలగలమంది. పిన్నీసుతో ఒక్కో రంధ్రం గుచ్చి తీస్తే ఆవాలు, ఒక కరివేపాకు ఈనె, మినపబద్ద ముక్క. మన తిరగమోతలన్నీ అందులోనే ఉన్నాయి. అప్పటినుంచి కంచాలు కడిగి పెట్టకపోయినా, ఆవాలు మాత్రం చెత్తబుట్టలోకి దులిపే పెడతాను.

నల్లటి పలుకులు పోయాయి, గాజు గ్లాసుల మీద తెల్ల గరుకు మాత్రం అలాగే ఉంది. దానిమీద వెనిగరు చుక్క వేశాను. చిన్న బుడగలొచ్చి కరిగిపోయింది, అంటే సున్నం. ఆ వేసవిలో మా అపార్ట్‌మెంట్లో మంజీరా నీళ్లు చాలక ట్యాంకర్లు తెప్పించారు. కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగిన సున్నం ఎంతుందో చూసే స్ట్రిప్ ముంచితే చివరి రంగుకే తిరిగింది, లీటరుకి 425 మిల్లీగ్రాములు. తాగే నీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) చెప్పే మోతాదు 200, వేరే దారి లేకపోతే 600. బిగించిన రోజున మెషిన్లో కాఠిన్యం 2 దగ్గర పెట్టి వెళ్లారు, దాన్ని ఎవరూ మార్చలేదు. 6కి పెంచాను. మెషిన్ లోపల నీళ్లలో సున్నం తగ్గించే భాగం ఉప్పుతోనే పనిచేస్తుంది. ఉప్పు త్వరగా అయిపోతోంది గానీ, నాలుగైదు లోడుల్లో గ్లాసులు తేటపడ్డాయి. ఉప్పంటే డిష్‌వాషర్ ఉప్పే వెయ్యాలి, వంటింటి అయొడైజ్డ్ ఉప్పు వద్దు.

ట్యాంకర్ నీళ్లతో అసలు ఇసుక కూడా వస్తుంది. కుళాయి కట్టేసి, నీళ్ల గొట్టం విప్పితే మొదట్లో వేలిగోరంత జాలీ ఉంటుంది, దాన్నీ కడగాలి.

ఇంకోసారి గిన్నెలు గరుకుగా ఉండి నాలుకకి ఉప్పగా తగిలాయి. ఉప్పు పోసే అర మూత మరల్లో ఒక ఉప్పు పలుకు ఇరుక్కుని మూత సరిగా బిగుసుకోలేదు. తుడిచి బిగిస్తే సరిపోయింది. ఉప్పు పోసిన వెంటనే ఖాళీగా ఒకసారి నడిపిస్తే, ఒలికినది స్టీలుని తినేయకుండా ఉంటుంది. సబ్బు పౌడరు ముద్దలుగా మిగిలితే మాత్రం పౌడరు అర మూత ముందు పెద్ద పళ్లెం అడ్డం పెట్టారేమో చూడండి.

మిగతా విషయాల్లో మంచి మెషినే. కుక్కర్లు, సాంబారు గిన్నెలు 70 డిగ్రీల ప్రోగ్రాంలో శుభ్రంగా వస్తాయి. అడుగంటిన పాలగిన్నె నానబెట్టకుండా రాదు. అల్యూమినియం మూకుడు నల్లబడింది, ఇత్తడి, ఇనుప పెనం అసలు పెట్టను. పంపు మార్చలేదు, ఇప్పటికీ పాతదే నడుస్తోంది. కొత్తగా కొనేవాళ్లు ముందు ఇంటి నీళ్లలో స్ట్రిప్ ముంచి చూసుకుని, ఆ మెషిన్ ఎంత కాఠిన్యం దాకా తట్టుకుంటుందో షాపులోనే అడగండి.