లంకావి: అమ్మ భయపడినవేవీ జరగలేదు

ఐరన్‌మ్యాన్ పోటీకి మలేషియాలోని లంకావి దీవికి వెళ్తున్నానని చెప్పిన రోజు బరంపురంలో మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. సముద్రంలో 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు, అన్నీ ఒకే రోజు 17 గంటల్లోపు ముగించాలి అని వివరిస్తే అమ్మ అడిగింది ఒకటే మాట: "దీనికి మనమే ఎదురు డబ్బు కట్టాలా?"

అమ్మ భయాలు వేరు. పాస్‌పోర్టు ఎవడో కొట్టేస్తాడు, తిండి పడదు, పోలీసులు ఆపితే భాష రాదు. మా ముత్తాత గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి రంగం (రంగూన్) వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. మా ఇంట్లో పైదేశం అంటే ఇప్పటికీ ఆ కథే.

నా భయాలు నాకున్నాయి. 2023 ఆగస్టులో ఐర్లండ్‌లోని కార్క్‌లో జరిగిన ఐరన్‌మ్యాన్‌లో ఈత దగ్గరే ఇద్దరు చనిపోయారు. అంతకు రెండు నెలల ముందు హాంబర్గ్‌లో సైకిలు దారిలో పోటీలో ఉన్న మనిషిని ఒక మోటార్‌సైకిల్ ఢీకొని, ఆ మోటార్‌సైకిల్ నడిపే ఆయన చనిపోయాడు. ఇవి అమ్మకి చెప్పలేదు. పర్లాకిమిడి నుంచి నాతో బయల్దేరిన మా బావకి మాత్రం చెప్పాను. "మన హైవే మీద లారీల పక్కన తొక్కేవాళ్ళం, మనకేంట్రా" అన్నాడు. అదీ నిజమే.

ముందు సైకిలు సంగతి. బరంపురంలో చెన్నై మెయిల్ ఎక్కాం. సైకిలు పెట్టె బెర్తు కింద పట్టదు. తలుపు దగ్గర పెడితే టీటీఈ ఒప్పుకోలేదు. చివరికి నా కాళ్ళ దగ్గర నిలబెట్టుకుని రాత్రంతా దానికి కాపలా కాశాను. రైల్లో వెళ్ళేవాళ్ళు ముందే పార్సిల్ ఆఫీసులో అడిగి బ్రేక్ వ్యానులో బుక్ చేసుకోవడం మేలు, కాకపోతే పెట్టె గట్టిదై ఉండాలి. మా బావది అట్టపెట్టె. చెన్నై విమానాశ్రయంలో టైరుకి గాలి నింపే చిన్న గ్యాస్ సిలిండర్లు తీసేయించారు. వాటికి విమానం కంపెనీ అనుమతి ముందే తీసుకోవాలి. మేం తీసుకోలేదు, కాబట్టి తప్పు మాదే. పవర్ బ్యాంకు విమానం అడుగున వేసే సామానులో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి.

లంకావిలో పెట్టె తెరిస్తే నా సైకిలు వెనక గేరుని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క, హ్యాంగర్, వంగిపోయి ఉంది. విమానంలో ఎక్కడో పడేసి ఉంటారు. అదృష్టం కొద్దీ ఇంకో హ్యాంగర్ వెంట తెచ్చుకున్నాను. అరచేయంత కూడా లేని ఆ ముక్క లేకపోతే 180 కిలోమీటర్లూ ఒకటే గేరులో తొక్కాల్సి వచ్చేది. ప్రతి సైకిలుకీ దాని హ్యాంగర్ వేరు, అక్కడికెళ్ళాక వెతికితే దొరకదు.

ఇక బస. ఇక్కడే మేం పెద్ద పొరపాటు చేశాం. చవగ్గా ఉందని బావ దీవి అవతలి కొసన కువా పట్నంలో ఇల్లు తీసుకున్నాడు. ఇల్లు బాగుంది, వంటగది ఉంది, పక్కనే బియ్యం, పప్పు దొరికే కొట్టు. కానీ ఈత పాంతాయ్ కోక్‌లో, పరుగు ముగిసేది పాంతాయ్ చెనాంగ్‌లో. రెండూ దీవికి ఇటువైపు, మధ్యలో విమానాశ్రయం. రోజూ తెల్లారకుండానే టాక్సీ కోసం చూడాలి, సైకిలు పట్టే బండి దొరకాలి. పైగా అక్కడ ఏడు దాటితేగానీ వెలుతురు రాదు. చీకట్లో కొత్త రోడ్ల మీద సైకిలు తొక్కడం నాకు నచ్చలేదు. రెండు రాత్రులయ్యాక డబ్బు పోయినా సరేనని చెనాంగ్ రోడ్డు వెనక గెస్ట్‌హౌస్‌కి మారాం. సముద్రం ఒడ్డు రిసార్ట్ ధరలో మూడో వంతు కూడా కాదు. గది కింది అంతస్తులోనే, సైకిళ్ళు లోపలే పెట్టుకున్నాం, ఫ్రిజ్ ఉంది. రాత్రి పక్క బార్‌లో పాటలు మాత్రం భరించాలి. దూది వెంట తీసుకెళ్ళండి.

దొంగల భయం ఎక్కడా కలగలేదు. చెప్పులు బయట వదిలినా అక్కడే ఉన్నాయి. చెనాంగ్‌లో తమిళుల హోటళ్ళుండటంతో ఇడ్లీ, సాంబారు, పెరుగన్నం దొరికాయి. కౌంటర్ దగ్గర ఒకాయన మేం మాట్లాడుకోవడం విని "తెలుంగా?" అని అడిగి, తమ ఊళ్ళోనూ తెలుగువాళ్ళున్నారని చెప్పాడు. వందేళ్ళ కిందట విశాఖ, గంజాం వైపు నుంచి తోటల్లో పనికి వెళ్ళినవాళ్ళ సంతతి కావచ్చు. అమ్మకి ఫోన్ చేసి ఇదే ముందు చెప్పాను. కాస్త ఊపిరి పీల్చుకుంది.

సముద్రం దగ్గరికి వద్దాం. నాకు అలల్లో ఈత నేర్పింది గోపాల్‌పూర్‌లో ఒక జాలరి తాత. ఒడియాలో నోలియాలంటారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆయన మొదటిరోజు నన్ను నీళ్ళలోకి దిగనివ్వలేదు. "బాబూ, దిగీముందు పావుగంట కూకోని సూడు. నీరు ఎక్కడ ఎనక్కి లాగతందో అదే సెప్తాది" అన్నాడు. గోపాల్‌పూర్‌లో ఆ లాగుడు మామూలుగా ఉండదు. లంకావి సముద్రం దాని ముందు చెరువులా ఉంటుంది. అందుకే చాలామంది చూడకుండా దిగిపోతారు. చెనాంగ్ ఒడ్డున ఒక సాయంత్రం కూర్చుని చూస్తే తెలిసింది, అక్కడ ప్రమాదం అలలు కాదు, జెట్ స్కీలు. నీళ్ళలో తల మాత్రమే కనిపించే మనిషిని ఆ నడిపేవాడు చూడలేడు. నారింజ రంగు బుడగ నడుముకి కట్టుకుని, పాంతాయ్ కోక్ వైపు మాత్రమే సాధన చేశాం.

రెండోది జెల్లీఫిష్. బాక్స్ జెల్లీఫిష్ అనేది ప్రాణం తీయగలదు. 2010లో లంకావిలోనే ఒక పర్యాటకురాలు అలా చనిపోయింది. కుట్టినచోట మంచినీళ్ళు పోయకూడదు, రుద్దకూడదు, వెనిగర్ పోసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఒక సీసా కొని సంచిలో పెట్టుకున్నాను. నీళ్ళు వెచ్చగా ఉండటంతో వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు దుస్తులు) ఉండదు, అందుకే ఒళ్ళంతా కప్పే పల్చటి దుస్తులేసుకుని సాధన చేశాం.

రోడ్లు మంచివి, మనలాగే ఎడమవైపు నడుపుతారు. కుక్కలు వెంటపడలేదు, కోతులు మాత్రం ఉన్నాయి. చేతిలో అరటిపండు కనిపిస్తే అయిపోయినట్టే. నవంబరు మధ్యాహ్నాల్లో ఉన్నట్టుండి కుండపోత వాన. పోటీకి మూడు రోజుల ముందు అలాంటి వానలోనే ఒక మలుపులో, రోడ్డు మీద తెల్లగీత దగ్గర బావ జారిపడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది. మా వైపు తప్తపాణి ఘాట్ రోడ్డులో సైకిలు మీద వందసార్లు దిగినవాడు.

క్లినిక్ గురించి మంచే చెప్పాలి. పావుగంటలో చూశారు, శుభ్రంగా కడిగి అయిదు కుట్లు వేశారు, ఇంగ్లిషులో అంతా రాసిచ్చారు. డాక్టరు మాత్రం నీళ్ళలోకి దిగొద్దన్నాడు. బావ ఆ రాత్రి ఒక్క మాట మాట్లాడలేదు. ఏడాదిన్నర సాధన మరి.

అసలు బాధ బిల్లు దగ్గర మొదలైంది. బయల్దేరే ముందు మాకు ప్రయాణ బీమా అమ్మిన ఏజెంటు "అన్నీ కవరవుతాయి సార్" అన్నాడు. నాకు అనుమానం వచ్చి కాగితాలు చదివితే చిన్న అక్షరాల్లో ఉంది: పోటీ క్రీడలకి, వాటి సాధనకి వర్తించదు. నేను అది మానేసి, కొంచెం ఎక్కువ కట్టి పోటీ కూడా కలిసే పాలసీ తీసుకున్నాను. బావ ఆ మొదటిదే ఉంచుకున్నాడు. క్లెయిమ్ పెడితే "సాధనలో పడ్డారా, విహారంలో పడ్డారా?" అని ప్రశ్న. అబద్ధం చెప్పడం ఇష్టంలేక ఉన్నదే చెప్పాడు. తోసిపుచ్చారు.

మందుల సంగతి కూడా రాయాలి. మలేషియాలో మత్తుమందుల చట్టాలు చాలా కఠినం, కాబట్టి మనం వాడే మాత్రలకి డాక్టరు చీటీ వెంట ఉండాలి. నొప్పి మాత్రలు వేసుకుని ఎండలో గంటల తరబడి పరిగెత్తితే కిడ్నీలకి దెబ్బ అని మా డాక్టరు ముందే భయపెట్టాడు. వేసుకోలేదు.

పోటీ రోజు గురించి ఎక్కువ లేదు. ఈత బాగా పోయింది, సైకిలు మీద నడుం పోయింది, పరుగులో ఎండ చంపింది. బరంపురం ఉక్కపోతలో పెరిగినవాణ్ణి కాబట్టి తట్టుకున్నాననుకుంటా. ప్రతి నీళ్ళ బల్ల దగ్గరా టోపీలో ఐసు వేసుకున్నాను, ఉప్పు మాత్రలు మానలేదు. దాహమని వట్టి నీళ్ళే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ఎండదెబ్బంత ప్రమాదం. నా పక్కన నడుస్తున్న ఒకాయన మాటలు తడబడటం చూసి వాలంటీర్లని పిలిచాను. రెండు నిమిషాల్లో కుర్చీ తెచ్చి తీసుకెళ్ళారు.

నేను ముగించేసరికి 16 గంటల 20 నిమిషాలు, అంటే దాదాపు అర్ధరాత్రి. ఆ వేళ టాక్సీ యాప్‌లో ఒక్క బండీ లేదు. కువాలోనే ఉండి ఉంటే ఏమయ్యేదో. బావ కట్టుకట్టిన చేత్తోనే నా సైకిలు తోస్తూ, నన్ను రెండో చేత్తో పట్టుకుని గెస్ట్‌హౌస్ దాకా నడిపించాడు. పది నిమిషాల దూరం, అరగంట పట్టింది.

వచ్చే ఏడాది బావ మళ్ళీ పేరు ఇస్తానంటున్నాడు. బీమా కాగితాలు వాళ్ళావిడ చదువుతుందట. గది మాత్రం నేనే చూస్తానని ముందే చెప్పాను.