గ్రౌట్ నలుపు మీద సోడియం పర్‌కార్బొనేట్: నాలుగేళ్ల వాడకం తర్వాత

కూకట్‌పల్లిలోని మా ఫ్లాట్‌లో వంటింటికీ బాత్‌రూములకూ వేసిన టైల్స్ ఇప్పటికీ కొత్తవాటిలాగే ఉన్నాయి గానీ, వాటి సందుల్లో నింపిన తెల్ల గ్రౌట్ మాత్రం గృహప్రవేశమైన రెండేళ్లకే స్టవ్ ముందర జిడ్డుతోనూ, షవర్ కింద బూజుతోనూ నల్లబడిపోయింది. ఆ నలుపు వదిలించడానికి నేను నాలుగేళ్లుగా వాడుతున్నది సోడియం పర్‌కార్బొనేట్, అంటే బట్టల మరకలకు ఆక్సిజన్ బ్లీచ్ పేరుతో అమ్మే తెల్లని పొడి.

అంతకుముందు మేమూ అందరిలాగే యాసిడ్ పోయించాం. శుభ్రం చేయడానికి వచ్చిన మనిషి సీసా వంచగానే గీతల వెంట నురుగు పొంగింది, కాసేపటికి గ్రౌట్ తెల్లగా తేలింది, మా అత్తగారు ఎంతో మెచ్చుకున్నారు. ఆ నురుగు మురికి వదలడం వల్ల కాక సిమెంటు కరగడం వల్ల వచ్చిందని అప్పుడు మాకెవరికీ తట్టలేదు. నెల తిరగకముందే అక్కడ గోటితో గీస్తే ఇసుక రాలింది. గుంటలు పడిన చోట మురికి మునుపటికంటే త్వరగా పేరుకుంది. బాల్కనీలోని తాండూరు బండ సున్నపురాయి కనుక, దాని మీద యాసిడ్ చిందిన చోట్ల మెరుపు పోయి మచ్చలు మిగిలాయి.

పర్‌కార్బొనేట్ నీళ్లలో హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, వాషింగ్ సోడాగా విడిపోతుంది. మొదటిది మరక రంగును విరుస్తుంది, రెండోది జిడ్డును వదులు చేస్తుంది. లీటరు వేడినీళ్లకు రెండు పెద్ద చెంచాల పొడి కలిపి, చేతులకు గ్లవ్స్ తొడుక్కుని, గీతల మీద పోసి, ఇరవై నిమిషాలు ఆరిపోకుండా చూసి, ఆ తర్వాత గట్టి నైలాన్ బ్రష్‌తో రుద్దుతాను. చన్నీళ్లలో ఇది బాగా మందకొడిగా పనిచేస్తుంది.

అసలు కిటుకు రుద్దిన తర్వాత ఉంది. మొదట్లో ఆ మురికినీళ్లను అలాగే వదిలేసేదాన్ని. గుల్లగా ఉండే సిమెంటు గ్రౌట్ వాటిని మళ్లీ పీల్చుకుని తెల్లారేసరికి బూడిద రంగుకు తిరిగేది, నేనేమో పొడిని తిట్టుకునేదాన్ని. ఇప్పుడు తడి ఆరకముందే పాత టవల్‌తో ఒత్తి తీసి, రెండుసార్లు మంచినీళ్లతో కడుగుతున్నాను. మిగిలిన ద్రావణాన్ని దాచుకోకూడదని కూడా ఒక సీసా నేర్పింది: బిగించి పెట్టిన ఆ సీసా, లోపల ఆక్సిజన్ విడుదలై, ఉదయానికి బుడగలా ఉబ్బి కూర్చుంది. దీన్ని యాసిడ్‌తో గానీ, క్లోరిన్ బ్లీచ్‌తో గానీ కలపరాదు.

దీని లోపం బోరునీళ్ల దగ్గర బయటపడుతుంది. ఎండాకాలంలో మా అపార్ట్‌మెంట్‌కు బోరే దిక్కు. ఆ ఉప్పునీళ్లు కుళాయిల కింద కట్టే తెల్లటి పొరను ఈ పొడి కదిలించనైనా లేదు. కాల్షియం పొరకు పుల్లని ద్రవాలే పనిచేస్తాయి, అవేమో సిమెంటు గ్రౌట్‌నూ తింటాయి. అందుకే నిమ్మరసం అద్దిన గుడ్డతో టైల్ ముఖాన్ని మాత్రమే, అంచుకు తగలకుండా తుడిచి, వెంటనే కడుగుతాను.

యాసిడ్ తిన్న భాగాన్ని ఏ పొడీ బాగు చేయలేదు. నిరుడు షవర్ కింది గీతలను గీకించి ఎపాక్సీ గ్రౌట్ నింపించాం; ఖర్చు ఎక్కువైనా అది నీటిని పీల్చదు కనుక అక్కడ తడిగుడ్డ చాలుతోంది. వంటింట్లో మాత్రం రెండు నెలలకోసారి, ఆదివారం టిఫిన్లయ్యాక, మోకాళ్ల కింద పాత దిండు వేసుకుని కూర్చోక తప్పడం లేదు.