‘ఈజ్ గుడ్’ అనాలా, ‘వాజ్ గుడ్’ అనాలా: ఒక ఆన్‌లైన్ ఇంగ్లీషు కోర్సుపై సమీక్ష

రోజూ ఇంగ్లీషులోనే నివేదికలు రాస్తున్నా, చదివిన పుస్తకం గురించి ఎవరైనా అడిగితే ‘ద బుక్ ఈజ్ గుడ్’ అనాలో ‘ద బుక్ వాజ్ గుడ్’ అనాలో తేలక నసిగే అలవాటు నాకు ఏళ్లుగా ఉంది. అభిప్రాయాలు చెప్పేటప్పుడు ఏ కాలం వాడాలన్న ఒక్క అంశానికే 5 పాఠాలు కేటాయించి, తెలుగులోనే బోధించే ఒక ఆన్‌లైన్ కోర్సు ఉందని తెలిసి అందులో చేరాను. ఐదూ పూర్తి చేసి, అభ్యాసాలన్నీ రెండుసార్లు చేసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

పరిచయంగా ఉన్న మొదటి పాఠంలో కొత్త విషయం లేదు. రెండవ పాఠం మాత్రం కోర్సు మొత్తానికీ ప్రాణం, ఎందుకంటే మన తడబాటుకు మూలం తెలుగులో ఎక్కడుందో అది వేలు పెట్టి చూపిస్తుంది. ‘నచ్చింది’ అన్నది రూపంలో భూతకాల క్రియే అయినా, చేతిలో ఉన్న వస్తువును చూస్తూ ‘నాకు నచ్చింది’ అన్నప్పుడు ఆ ఇష్టం ఇప్పటిదే. దాన్ని యథాతథంగా ఇంగ్లీషులోకి దించి, బహుమతి ఇచ్చినవారి ఎదుటే పొట్లం విప్పి ‘ఐ లైక్డ్ ఇట్’ అంటే, ఆ ఇష్టం అప్పుడెప్పుడో ఉండి ఇప్పుడు పోయిందేమోనని వారు చిన్నబుచ్చుకోవచ్చు. అక్కడ అనవలసింది ‘ఐ లైక్ ఇట్’. ‘అర్థమైంది’ కూడా ఈ కోవలోదే. ఇక ‘బాగుంది’ సంగతి మరీ చిత్రం. నిన్న చూసిన సినిమాకూ, ఎదురుగా గోడకు వేలాడుతున్న బొమ్మకూ మనకు ఆ ఒక్క మాటే సరిపోతుంది కాబట్టి, ఈజ్, వాజ్‌లలో ఒకదాన్ని ఎంచుకోవలసి వచ్చినప్పుడు మన చెవి మనకు ఏ సాయమూ చేయదు.

మూడవ పాఠం ఆ ఎంపికను వివరిస్తుంది. పుస్తకం, సినిమా వంటివి మనం చూసిన తరువాత కూడా లోకంలో ఉంటాయి కనుక, వాటి విలువ గురించి చెబితే ‘ఇట్ ఈజ్ ఎ గుడ్ మూవీ’ అనవచ్చు, చూసినప్పటి అనుభవం గురించి చెబితే ‘ద మూవీ వాజ్ గుడ్’ అనవచ్చు. ముగిసిపోయిన ఆటకూ సమావేశానికీ మాత్రం వాజ్ ఒక్కటే దిక్కు. వివరణ ఇంత చక్కగా ఉండగా, దాని వెంటే వచ్చే అభ్యాసం మొత్తం పాడుచేసింది. నిన్న చూసిన సినిమాపై అభిప్రాయం చెప్పమన్న ప్రశ్నకు నేను ‘ఇట్ ఈజ్ ఎ గుడ్ మూవీ’ అని రాస్తే ఎర్రగీత పడింది. ప్రశ్నలో ‘నిన్న’ కనబడితే చాలు, వర్తమానకాలంలో రాసిన జవాబును తప్పు కింద లెక్కించేలా, జవాబులు దిద్దే యంత్రాన్ని తయారు చేసినట్టున్నారు. పాఠం చెప్పినవారే అభ్యాసాన్ని ఒకసారి చేసి చూసి ఉంటే ఇది దొరికిపోయేది.

నాలుగవ పాఠం ‘ఐ థింక్’, ‘ఐ థాట్’ గురించి. థాట్ అన్నాక దాని తరువాతి క్రియ కూడా సాధారణంగా వెనక్కి జరిగి ‘ఐ థాట్ ఇట్ వాజ్ ఇంట్రెస్టింగ్’ అవుతుందనీ, అంతమాత్రాన ఆ పుస్తకం ఇప్పుడు ఆసక్తికరంగా లేదని అర్థం కాదనీ బాగానే చెప్పారు. అయితే తెలుగువారికి అసలు చిక్కు ఇంకొకచోట ఉంది. ‘బాగుందనుకున్నాను’ అంటే, తీరా చూస్తే బాగాలేదన్న ధ్వని మన చెవిన పడుతుంది. అందుకే నా ప్రసంగం తరువాత ఒకరు ‘ఐ థాట్ ఇట్ వాజ్ గుడ్’ అన్నప్పుడు, మెచ్చుకున్నారని తెలియక ఆ పూటంతా మథనపడ్డాను. ఆ మాటకు సరైన తెలుగు ‘బాగుందనిపించింది’. ఇంగ్లీషులో నిరాశ ధ్వనించాలంటే థాట్‌ను ఒత్తి పలకాలి. ఆ ఒత్తును వినిపించడానికి 10 సెకన్ల ఆడియో చాలు, అదీ పెట్టలేదు.

మర్యాద కోసం వాడే భూతకాలంపై ఉన్న చివరి పాఠం చిన్నదైనా ఇంపుగా ఉంది. ‘ఐ వాంటెడ్ టు ఆస్క్ యు సంథింగ్’ అన్న వాక్యాన్ని ‘మిమ్మల్ని ఒక మాట అడుగుదామనుకున్నాను’ అన్న మన వాడుక పక్కన పెట్టి చూపడంతో, విడిగా బట్టీ పట్టవలసిన పనే లేకపోయింది.

వ్యాకరణం తెలిసీ మాట్లాడేటప్పుడు తడబడేవారికి రెండవ, మూడవ పాఠాల కోసమైనా ఈ కోర్సును సిఫారసు చేస్తాను. 5కి 3 ఇస్తున్నాను. కేవలం మార్కులు చూసుకుని నేర్చుకునేవారు మాత్రం మూడవ పాఠం అభ్యాసం జోలికి పోకపోవడం మంచిది. ఆ ప్రశ్న గురించి నేను రాసిన ఉత్తరానికి పరిశీలిస్తామని మర్యాదగా జవాబిచ్చారు గాని, ఎర్రగీత ఇప్పటికీ అక్కడే ఉంది.