కర్సర్ తడబడుతుంటే ఏది మేలు: కొత్త మౌసా, మౌస్ ప్యాడా?

బెంగళూరులో అద్దె ఇళ్ళలో ఉంటూ ఇంటి నుంచే పని చేసే మన తెలుగువారిలో చాలామందికి భోజనాల బల్లే ఆఫీసు బల్ల. మా బల్లకు పైన గాజు పలక ఉంది. దాని మీద ఆప్టికల్ మౌస్ కదిపితే కర్సర్ ఒకచోట మొరాయించి, మరుక్షణం తెర మూలకు దూకేది. కొత్త మౌస్ కోసం కంప్యూటర్ సామాన్ల దుకాణాలుండే ఎస్.పి. రోడ్డుకు బయలుదేరే ముందు, లోపం మౌస్‌లో ఉందా, దాని కింద ఉందా అన్నది తేల్చుకోవడం చాలా అవసరం.

ఆప్టికల్ మౌస్ అడుగున ఉండే చిన్న దీపం బల్ల ఉపరితలాన్ని ఏటవాలుగా వెలిగిస్తుంది. ఆ వెలుగులో కనిపించే సన్నని గరుకుదనాన్ని సెన్సర్ సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ఒకదానితో ఒకటి పోల్చి, మౌస్ ఎటు ఎంత జరిగిందో లెక్క కడుతుంది. తేటగా ఉన్న గాజులో పోల్చుకోవడానికి తగినన్ని గుర్తులు దొరకవు కనుక లెక్క తప్పుతుంది. మౌస్ కింద ఒక తెల్ల కాగితం పెట్టి చూడండి. కర్సర్ కుదురుగా నడిస్తే మౌస్‌లో లోపం లేనట్టే.

కాగితం మీదా తడబడితే అడుగు రంధ్రంలో వెంట్రుకో నూలుపోగో చిక్కుకుందేమో చూసి, పొడి ఇయర్‌బడ్‌తో తీయాలి. వైర్‌లెస్ మౌస్ అయితే బ్యాటరీ మార్చి చూడాలి. యూఎస్‌బీ 3.0 పరికరాల నుంచి వెలువడే రేడియో రొద మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాలకు అడ్డు వస్తుంది కాబట్టి, కంప్యూటర్‌కు గుచ్చే మౌస్ రిసీవర్‌ను వాటి పక్కనుంచి తీసి, పొడిగింపు కేబుల్‌తో మౌస్‌కు దగ్గరగా పెట్టడం మంచిది.

లోపం బల్లదే అని తేలితే మూడు దారులున్నాయి. లాజిటెక్ 2004లో తెచ్చిన ఎమ్మెక్స్ 1000తో మొదలైన లేజర్ మౌస్‌లు నున్నని సన్‌మైకా మీద ఎర్రదీపపు మౌస్‌ల కంటే బాగా నడుస్తాయి కానీ, తేట గాజు మీద వాటినీ నమ్మలేము. అదే సంస్థ 2009లో తెచ్చిన డార్క్‌ఫీల్డ్ పద్ధతి గాజు మీది కంటికి కనబడని ధూళి కణాలనూ గీతలనూ చీకటి ఆకాశంలో చుక్కల్లా చూసి దారి పోల్చుకుంటుంది. అయితే గాజు కనీసం 4 మిల్లీమీటర్ల మందం ఉండాలి, ధర కూడా ప్యాడ్‌కు ఎన్నో రెట్లు. మూడోది మామూలు గుడ్డ ప్యాడ్.

ఒకే బల్ల దగ్గర పని చేసేవారికి నిస్సందేహంగా ప్యాడే మేలు, పైగా గాజు అంచు చల్లదనం మణికట్టుకు తగలదు. రోజుకొక చోట, ఏ బల్ల దొరికితే ఆ బల్ల మీద పని చేయక తప్పనివారికి మాత్రం డార్క్‌ఫీల్డ్ మౌస్‌కు పెట్టే ఖర్చు సబబే.